చెప్పడమైనది

వాకర్ ఎత్తు సరిచేయడానికి ఫిజియో నేల మీద గొంతుక్కూర్చుంది. వాకర్ కాళ్ళకి బొడిపెలుంటాయి. నొక్కితే లోపలి గొట్టం జారుతుంది, వదిలితే టక్కున చిల్లులో పడుతుంది. ఒక బొడిపె తుప్పుపట్టి మొరాయిస్తోంది. దాన్ని బొటనవేలితో అదుముతూనే, "లేవండక్కా, ఓసారి నిలబడండి. ఎడంకాలి మీదే. కుడిది ఆనించొద్దు" అంది.

"ఆనిస్తే ప్రాణం లేచిపోతోంది. అది కూడా నువ్వు చెప్పాలా?" అంటూ టైలరక్క మంచం అంచుకి జరిగింది.

బజారు మలుపులో ఆవిడకి కుట్టు దుకాణం ఉంది. ఆస్పత్రిలో చేరిన రోజునే నర్సుని ఎగాదిగా చూసి, "నీ యూనిఫాం చంక దగ్గర పట్టేస్తోంది, ఇలా ఇవ్వు, వదులు చేస్తా" అందట. అప్పట్నుంచి ఆడవాళ్ళ వార్డంతటికీ ఆవిడ టైలరక్కే. షుగరు పుండు. కుడిపాదం కట్టులో ఉంది. కట్టులోంచి బయటికి చూస్తున్న బొటనవేలు బొగ్గుముక్కలా ఉంది.

వాకర్ పట్టుకుని లేచి నిలబడింది. మోచేతులు వణకలేదు.

"చేతుల్లో బలం బాగుందే!" అంది ఫిజియో.

"కత్తెర పట్టిన చేతులమ్మా. దుప్పట్లు పొరల్లా పేర్చి ఒక్కవేటున కోసేదాన్ని."

"అదే కావాలి మనకి. కాలు తీశాక కొన్నాళ్ళు బరువంతా చేతుల మీదే..."

ఫిజియో ఇంకా ఆ మొండి బొడిపెతో కుస్తీ పడుతూనే ఉంది. పైనుంచి చప్పుడు లేకపోయేసరికి తలెత్తింది.

"ఏ కాలు?" అంది టైలరక్క.

కిటికీ దగ్గర ఫ్లాస్కు కడుగుతున్న ఆవిడ తమ్ముడు ఒక్క అంగలో వచ్చిపడ్డాడు. "అబ్బే, ఆవిడ నిన్ను వేరే పేషెంటు అనుకుందక్కా. పొరపాటు. కదండీ?" అన్నాడు. అంటూ ఫిజియోని కళ్ళతో బతిమాలాడు.

ఫిజియోకి అప్పుడర్థమైంది. పొద్దున కేస్ షీట్ చూసే వచ్చింది తను. పెద్ద డాక్టరు రాత స్పష్టంగానే ఉంది. మోకాలి కింద తీసివేయవలెను, చెప్పడమైనది, కింద సంతకం. ఎవరు చెప్పారో, ఎవరికి చెప్పారో పైనున్న దేవుడికే తెలియాలి. ఇప్పుడీ తమ్ముడు అబద్ధం వండి వడ్డించాడు. తినేసి చెయ్యి కడుక్కుంటే అయిపోను. చాలామంది అదే చేస్తారు, దాన్ని మంచితనం అని కూడా అంటారు.

"మీ కాలేనక్కా. మీకు చెప్పారనుకున్నాను" అంది.

టైలరక్క మెల్లిగా కూర్చుంది. వాకర్‌ని అరచేత్తో తోసింది. అది వెనక్కి పడి వార్డంతా మోగింది. పక్క మంచాలవాళ్ళు లేచి చూశారు.

"ఊరందరికీ తెలుసన్నమాట. కాలున్నదానికి తప్ప" అంది.

సాయంత్రానికల్లా ఫిజియో చేతిలో మెమో పడింది. పరిధి దాటి రోగికి సమాచారం ఇచ్చి, చికిత్సకు ఆటంకం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. సూపరింటెండెంట్ సంతకం. అవును మరి, ఆటంకమే. కత్తీ బల్లా అన్నీ సిద్ధం చేసుకున్నాక, కాలు గలావిడ 'నేను సంతకం పెట్టను' అంటే ఆటంకం కాక ఏమిటి?

జరిగింది ఇదీ. పెద్ద డాక్టరు తమ్ముడిని వరండాలోకి పిలిచి విషయం చెప్పాడు. తమ్ముడు ఆయన చేతులు పట్టుకుని, "అక్కకి చెప్పకండి సార్, గుండె ఆగి చస్తుంది" అన్నాడు. సరే, మెల్లిగా నర్సే నచ్చచెబుతుందిలే అనుకున్నాడు డాక్టరు. షీటులో రాసుంది కదా, డాక్టరే చెప్పాడనుకుంది నర్సు. మత్తు డాక్టరు వచ్చి గుండె, ఊపిరితిత్తులు చూసుకుని వెళ్ళాడు. వాటి పైనున్న ముఖాన్ని చూడ్డం ఆయన పని కాదు. ఎవర్ని అడిగినా నా తప్పేముందంటారు. ఒక్కొక్కరు చెప్పేదీ నిజమే. ఇలాంటి నిజాలన్నీ చేరే మనుషుల్ని తినేస్తున్నాయి.

ఫిజియో మెమో జేబులో పెట్టుకుని డ్రెస్సింగ్ గదికి వెళ్ళింది. నర్సు చేతి తొడుగులు తీసి బకెట్టులో పడేస్తోంది.

"నువ్వైనా ఒక్క మాట అనకపోయావా సిస్టర్?"

"ఏమని? ఏ నోటితో?" నర్సు సబ్బు నురగలో చేతులు పిసికింది. "ఇంతకుముందొకావిడ 'నా గడ్డ మంచిదేనా సిస్టర్' అనడిగితే, పాపం కదా అని ఉన్నమాట చెప్పాను. పదిమందిలో నిలబెట్టి కడిగేశారు నన్ను. 'నువ్వు డాక్టరువా?' అని. ఆ రోజుతో సరి. ఎవరేం అడిగినా, 'డాక్టరుగారొస్తారు, అడగండమ్మా' అంటాను. ఆయనొచ్చేసరికి వాళ్ళకి నోరు పడిపోతుంది. ఆయన వెళ్ళిపోయాక మళ్ళీ నన్నే అడుగుతారు. నేను మళ్ళీ అదే పాట."

"కాలు ఎలా ఉంది?"

నర్సు కుళాయి కట్టేసింది. "నిన్న వేలు. ఇవాళ అరికాలు. వాసన మారింది. ఇంటికెళితే బతకదు, నీకూ తెలుసు."

మర్నాడు రౌండ్స్‌లో పెద్ద డాక్టరు కట్టు విప్పించి చూసి పెదవి విరిచాడు. "చూడమ్మా, మొండికేస్తే నష్టం నీకే. కాలు కావాలా, ప్రాణం కావాలా?"

"నాకు రెండూ కావాలి. మీకేం కావాలో చెప్పండి" అంది టైలరక్క.

వెనకున్న వాళ్ళలో ఎవరో నవ్వు మింగారు. డాక్టరు ముఖం గంటుపెట్టుకుని తమ్ముడివైపు తిరిగాడు. "ఒప్పించుకో. లేదంటే రేపు మధ్యాహ్నం డిశ్చార్జ్ రాస్తా. మంచం కోసం బయట జనం పడిగాపులు పడుతున్నారు."

ఆ తమ్ముడు ఫిజియోని మెట్ల దగ్గర అడ్డగించాడు. రెండ్రోజుల గడ్డం, నలిగిన చొక్కా. "చెప్పింది నువ్వే కదా తల్లీ. ఒప్పించేదీ నువ్వే చెయ్యి" అన్నాడు. తిట్టాలనుకుని వచ్చినవాడు చేతులు జోడించాడు.

ఫిజియో వెళ్ళింది. టైలరక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఎందుకొచ్చావు? అతికిస్తావా?"

"కోపం ఉంటే తిట్టండక్కా."

"నీ మీద నాకేం కోపం? నోరు జారి ఒక్కదానివే నిజం చెప్పావు." ఇటు తిరిగింది. "కూర్చో. అడుగుతా, చెప్పు. మోకాలు ఉంటుందా నాకు?"

"అది డాక్టరుగార్ని..." అని ఆగిపోయింది ఫిజియో. నర్సు చెప్పిన పాట తన నోటినుంచే వస్తోంది.

"కోస్తుంటే తెలుస్తుందా?"

"మత్తు డాక్టరు చెప్పాలి."

"పోనీ ఇది నీ పనే కదా. మిషను తొక్కగలనా?"

"అది... కాలు ఎంత మిగులుతుందో దాన్నిబట్టి ఉంటుందక్కా."

"ఎంత మిగులుతుందో డాక్టరుని అడగాలి" అని మిగతాది తనే పూర్తిచేసింది టైలరక్క. పమిట చివరితో మెడ తుడుచుకుంది. "మా దుకాణంలో కొలత తీసేది నేను, కాజాలు తీసేది ఒకమ్మాయి, ఇస్త్రీకి ఇంకొకడు. ముగ్గురం పొద్దస్తమానం కొట్టుకుంటాం. కానీ ఆ చొక్కా ఎవడికో ముగ్గురికీ తెలుసు. మీరేమో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. నన్నెవరి కొలతకి కుడుతున్నారు మీరు? పో, పోయి అడుగు. అందరూ ఒక్కసారి వచ్చి నా ముందు నిలబడి చెప్పగలిగితే రమ్మను. లేదంటే నా కాలితో నేను ఇంటికి పోయి నా మంచం మీద చస్తా."

ఫిజియో అడగలేదు. అడగడానికి పెద్ద డాక్టరు గది ముందుదాకా వెళ్ళింది, తలుపు మీద చెయ్యి వేసింది, జేబులో మెమో గుర్తొచ్చి చెయ్యి తీసేసింది. ఉద్యోగం కాంట్రాక్టుది.

తెల్లారి ఆస్పత్రి మీటింగ్ హాల్లో శిక్షణ. గోడకి బ్యానర్ కట్టారు: 'జట్టుగా పనిచేద్దాం, రోగితో మాట్లాడదాం'. ముందు వరసలో డాక్టర్లకి మెత్తలున్న కుర్చీలు. వెనక నర్సులకి, ఫిజియోకి, మందుల కౌంటరువాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీలు. ఆయాలు గోడకి ఆనుకుని నిలబడ్డారు. జట్టు అంటే ఇదే కాబోలు అనుకుంది ఫిజియో.

శిక్షణ ఇచ్చే ఆయన బయటినుంచి వచ్చాడు. చెవి పక్కన సన్నటి మైకు, మొహం నిండా నవ్వు. ముందు ఒక ఉన్ని ఉండ తీసి, "ఎవరైనా ఒకరికి విసరండి, వాళ్ళు ఇంకొకరికి విసరాలి, చివరికి మనందరి మధ్యా ఒక వల తయారవుతుంది" అన్నాడు. పెద్ద డాక్టరు మత్తు డాక్టరుకి విసిరాడు. ఆయన పిల్లల డాక్టరుకి. ఆయన మళ్ళీ పెద్ద డాక్టరుకి. ఉండ ముందు వరస దాటలేదు. దారం అక్కడక్కడే చిక్కుపడి ఒకాయన బొత్తానికి తగులుకుంది. "వెనక్కి కూడా వెయ్యండి సార్" అన్నాడు శిక్షకుడు. అప్పటికి దారం అయిపోయింది.

తరవాత తెర మీద ఒక ఉదాహరణ వేశాడు. పేర్లు లేవు. 'బృందంలోని ఒక సభ్యురాలు తొందరపడి రోగికి చెప్పడం వల్ల చికిత్స ఆగింది. తప్పెక్కడ?' హాల్లో తలలన్నీ ఫిజియోవైపు తిరిగి, చూడనట్టు మళ్ళీ తెరవైపు తిరిగాయి. అందరూ కలిసి తేల్చిన జవాబు ఏమిటంటే, ఎవరి పరిధిలో వాళ్ళుండాలి. దాన్ని శిక్షకుడు పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాశాడు. ఫిజియో తన చేతిగోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

"ఇప్పుడు చిన్న నాటిక. చేదు కబురు ఎలా చెప్పాలి? డాక్టరుగా సారు వస్తారు. పేషెంటుగా ఎవరు?"

పేషెంటుగా ఎవరూ లేవలేదు. ఆఖరికి పక్కవాళ్ళు తోస్తే వార్డు నర్సు వెళ్ళి కుర్చీలో కూర్చుంది. రొమ్ములో కాన్సరు ఉందని ఆమెకి చెప్పాలి.

పెద్ద డాక్టరు కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా, కాస్త పక్కగా కూర్చున్నాడు. ఫోను తీసి ఆపేశాడు. "మీ జబ్బు గురించి మీకిప్పటిదాకా ఏం తెలుసో చెప్తారా అమ్మా?" అన్నాడు. ఆమె ఏదో అంది. అడ్డురాకుండా విన్నాడు. "నేను చెప్పబోయేది అంత మంచి కబురు కాదు" అని ఆగాడు. ఆమె ఊపిరి పీల్చుకునేదాకా ఆగాడు. చెప్పాడు. చెప్పి మళ్ళీ ఆగాడు. "మీకేం భయంగా ఉందో అడగండి. నాకు తెలిస్తే చెప్తాను, తెలియకపోతే తెలిసినవాళ్ళని మీ దగ్గరికి తీసుకొస్తాను" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే గోడ దగ్గర ఆయా ముక్కు చీదింది. నర్సు కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

ఫిజియో చేతులు కదల్లేదు. ఆయనకి రాదనుకుంది ఇన్నాళ్ళూ. పని ఒత్తిడి, నేర్పినవాళ్ళు లేరు, ఏం చేస్తాడులే అని సరిపెట్టుకుంది. వచ్చు! అక్షరం పొల్లుపోకుండా వచ్చు. పెళ్ళిబట్టల్లా బీరువాలో మడతపెట్టుకుని, చూసేవాళ్ళున్న రోజున కట్టుకుంటున్నాడు.

లేచి నిలబడింది. ప్లాస్టిక్ కుర్చీ కీచుమంది.

"సార్, ఇవే మాటలు టైలరక్కకి చెప్పండి. ఆవిడ మధ్యాహ్నం వెళ్ళిపోతోంది."

చప్పట్లు అక్కడే తెగిపోయాయి. "ప్రశ్నలు ఆఖర్లో..." అన్నాడు శిక్షకుడు నవ్వు చెదరకుండా. "కూర్చోమ్మా" అన్నాడు సూపరింటెండెంట్.

"ప్రశ్న కాదండీ. ఒక మెమో ఇచ్చారు, ఇంకోటి ఇవ్వండి. ఆవిడ చచ్చిపోతుంది. మనందరికీ తెలుసు. తెలిసీ ఇక్కడ ఉన్నితో ఆడుకుంటున్నాం."

పెద్ద డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "ఆవిడ వినే మనిషి కాదు. నువ్వు రేపిన గోలే ఇదంతా."

"ఎవరు చెప్తే వినలేదు సార్?"

అన్నది ఫిజియో కాదు. నర్సు. ఆమె ఇంకా పేషెంటు కుర్చీలోనే కూర్చుని ఉంది. లేవడం మర్చిపోయినట్టుంది. "ఇప్పుడు మీరు నాకు చెప్పినట్టు ఆవిడకి ఎవరూ చెప్పలేదు సార్. నేనూ చెప్పలేదు. ఇక్కడ కూర్చుంటే తెలుస్తోంది. అబద్ధపు జబ్బుకే నాకు కాళ్ళు వణికాయి."

పెద్ద డాక్టరు సూపరింటెండెంట్‌ని చూశాడు, బోర్డు చూశాడు, ఆపేసిన ఫోను చేతిలో తిప్పాడు. తరవాత లేచి కోటు సర్దుకున్నాడు. "సిస్టర్, పద. నువ్వూ రా" అని ఫిజియోతో అని, మత్తు డాక్టరు భుజం తట్టాడు. "నువ్వు కూడా."

వార్డులో టైలరక్క సంచీ సర్దేసుకుంది. తమ్ముడు దుప్పటి మడతపెడుతున్నాడు. గుంపుగా వస్తున్న వీళ్ళని చూసి దుప్పటి గుండెకి హత్తుకుని నిలబడిపోయాడు.

"కూర్చోవచ్చా?" అన్నాడు పెద్ద డాక్టరు. స్టూలు మీద ఫ్లాస్కుంది. తమ్ముడు తీశాడు. డాక్టరు కూర్చున్నాడు. హాల్లో అంత ఇదిగా మాట్లాడిన మనిషి నోరు తెరిచి మూశాడు. "మీకు... ఇప్పటిదాకా మీకేం తెలుసో..."

"నాకు తెలిసింది వార్డంతటికీ తెలుసు. తెలియనిది చెప్పండి."

పాఠం అక్కడితో అయిపోయింది. ఇక ఆయన దగ్గర ఉన్నది సొంత నోరు మాత్రమే.

"కాలు తియ్యాలమ్మా. ముందే నీకు చెప్పాల్సింది. మీ తమ్ముడికి చెప్పి ఊరుకున్నాను. నీ ఎదురుగా కూర్చుని చెప్పడం కన్నా అది నాకు తేలిక." ఒక్క బిగిన అనేసి నుదురు తుడుచుకున్నాడు.

టైలరక్క కట్టున్న కాలు ముందుకి చాపింది. "ఎంతవరకు?"

"మోకాలి కింద."

"కింద అంటే? ఎక్కడ? గీత గియ్యండి. గీత లేకుండా నేను పాత గుడ్డ కూడా కొయ్యను."

డాక్టరు జేబులోంచి పెన్ను తీశాడు. ఎడమచేత్తో ఆవిడ పిక్క పట్టుకుని, మోకాలి చిప్ప నుంచి వేళ్ళతో కొలిచి, చుట్టూ నీలం గీత గీశాడు. ఆవిడ వంగి చూసుకుంది. గీత కింద వేలితో తడిమింది.

"ఇంకాస్త కిందికి రాదా? ఇక్కడంతా బాగానే ఉందిగా."

"పైకి అలా ఉంది. లోపల రక్తం అందట్లేదు. కింద కోస్తే మానదు. మళ్ళీ కొయ్యాలి."

"మోకాలు మాత్రం ఉంటుంది."

"ఉంటుంది. ఇవాళ్టికి ఉంటుంది. ఇంటికెళ్ళి వచ్చావంటే మాటివ్వలేను."

ఆవిడ తలాడించి మత్తు డాక్టరువైపు తిరిగింది. "నాకు తెలుస్తుందా అబ్బాయ్?" ఆయనకి అబ్బాయి అనిపించుకుని ఎన్నేళ్ళయిందో, నిలువునా తడబడ్డాడు. నడుము కింద మొద్దుబారుతుందనీ, నొప్పి ఉండదనీ చెప్పాడు. కాస్త తటపటాయించి, "చప్పుడు వినిపిస్తుంది. వద్దనుకుంటే నిద్రపట్టేలా మందిస్తా" అన్నాడు.

"వద్దనుకోక, వినాలనుకుంటానా? నిద్రపుచ్చు." నర్సుని అడిగింది: "తీసిన కాలు ఏం చేస్తారే?"

నర్సు డాక్టరువైపు చూడలేదు. "కాల్చేస్తారక్కా. కావాలంటే మీకే ఇస్తారు, మీవాళ్ళు తీసుకెళ్ళి చేసుకోవచ్చు."

"నాకెందుకు? దండ వెయ్యనా?" అంటూ పమిట కాలి మీదికి లాక్కుంది. ఫిజియోని చూసింది. "మిషను?"

ఫిజియో నోటిదాకా 'తొక్కుతారక్కా, ఎందుకు తొక్కరు' అని వచ్చింది. "తెలీదక్కా. ఎడంకాలితో తొక్కొచ్చనుకుంటున్నా. కానీ కుట్టేవాళ్ళని నేనింతవరకు నడిపించలేదు. పుండు మానాక మీ మిషను దగ్గరే కూర్చుని చూద్దాం. మొదట్లో చక్రం వెనక్కి తిరుగుతుంది, దారం తెగుతుంది, నన్ను బండబూతులు తిడతారు."

"అది ఇప్పుడే మొదలుపెట్టగలను."

తమ్ముడు దుప్పట్లో మొహం దాచుకుని వెక్కుతున్నాడు. "నేనే... నేనే చెప్పొద్దన్నానక్కా. నీ గుండె..."

"నా గుండె సంగతి నీకేం తెలుసురా? నీ ముక్కు తుడిచి పెంచిన చెయ్యి ఇది. ఆ దుప్పటి పాడుచెయ్యకు, ఆస్పత్రిది." చెయ్యి చాపితే వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వాడి తల మీద చెయ్యేసి డాక్టరుతో అంది: "ఇప్పుడే సంతకం అడక్కండి. నా కాలు, నేను ఇవాళంతా చూసుకుంటా."

పెద్ద డాక్టరు గడియారం చూసుకోబోయి మానుకున్నాడు. "డిశ్చార్జ్ కొట్టేస్తున్నా. రేపు పొద్దున చెప్పు. అంతకంటే ఆలస్యమైతే ఈ గీత మోకాలు దాటుతుంది. భయపెట్టడానికి కాదు."

"తెలుస్తోంది" అంది ఆవిడ.

వాళ్ళు హాలుకి తిరిగొచ్చేసరికి శిక్షణ ముగిసింది. బ్యానరు కింద గ్రూప్ ఫొటో కూడా అయిపోయింది. "అయ్యో, మీరు లేకుండా పోయారే" అని శిక్షకుడు నొచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున ఫిజియో మెమోకి జవాబు రాసి ఆఫీసులో ఇచ్చింది. 'చెప్పాను. అడిగితే మళ్ళీ చెప్తాను.' గుమాస్తా చదివి, ఇది సంజాయిషీ ఎలా అవుతుందమ్మా అన్నాడు. మెమో వెనక్కి తీసుకున్నామని ఎవరూ అనలేదు. అంటారని ఆమె అనుకోనూ లేదు.

వార్డుకి వచ్చేసరికి టైలరక్క సంతకం పెట్టేసి ఉంది. ఆపరేషన్ గౌను నాడాలు ఎవరు కుట్టారోనని విసుక్కుంటూ స్ట్రెచర్ కోసం ఎదురుచూస్తోంది. రౌండ్స్ ఆవిడ మంచం దాటి పక్క మంచానికి వెళ్ళింది. అక్కడ తుంటి విరిగిన ముసలమ్మ. పెద్ద డాక్టరు ఆమె పాదాల దగ్గర నిలబడి షీటు తెరిచాడు. చుట్టూ మిగతావాళ్ళు. "ప్లేటు వెయ్యాలి. రక్తం తక్కువుంది. కొడుక్కి చెప్పారా?" అన్నాడు షీటుతోనే. ముసలమ్మ తల ఎత్తి ఎత్తి చూస్తోంది, మాట అందక.

"డాక్టరుగారూ" అంది టైలరక్క. "ఆవిడ తల ఆ చివరుంది."

పెద్ద డాక్టరు ఆవిడని ఓసారి చూసి, షీటు మూశాడు. తల వైపు వెళ్ళబోయాడు. గోడకీ మంచానికీ మధ్య ఇనప అలమర అడ్డంగా ఉంది, మనిషి పట్టడు. ఎప్పట్నుంచో అక్కడే ఉంది. అటు వెళ్ళే అవసరం ఎవరికీ రాలేదు.

ఫిజియో ఒక మూల పట్టుకుంది. నర్సు ఇంకో మూల. లేవలేదు. మత్తు డాక్టరు చేతులు జేబుల్లోంచి తీశాడు. పెద్ద డాక్టరు షీటుని మంచం మీద పెట్టి, నాలుగో మూలకి వంగాడు.

"నేను చెప్పినప్పుడు ఎత్తండి" అంది నర్సు.

ఆమె చెప్పేదాకా ఆగి, ఎత్తారు.